బొట్టమ్మ కొరకనివ్వని పాము

అనగనగా ఒక చిత్తడి అడవి. అక్కడ నేల ఎక్కడ అయిపోతుందో, నీళ్లు ఎక్కడ మొదలవుతాయో చేపలకు కూడా తెలీదు. అక్కడి జమ్ముగడ్డిలో ఒక నీటికోడి ఉండేది. నుదుట ఎర్రగా ఉంటుందని అందరూ బొట్టమ్మ అనేవారు.

ఎవరో ముచ్చటపడి దూరదేశపు పాముల్ని తెచ్చుకున్నారట. అవి పెద్దవయ్యేసరికి భయమేసి, ఈ నీళ్లలో వదిలేశారు. ఇంకేముంది! కుందేళ్లు పోయాయి. బాతులు పోయాయి. బొట్టమ్మ ఆరు గుడ్లనూ ఒక మచ్చలపాము మింగేసింది.

"నేనెక్కడికీ పోను," అంది బొట్టమ్మ. మళ్లీ గూడు కట్టి, మళ్లీ గుడ్లు పెట్టింది.

పాముల గురించి చదువుకున్న వకుళమ్మ పడవలో వచ్చి, ఆ మచ్చలపామునే పట్టుకుపోయింది. నాలుగు రోజులకి తెచ్చి, మళ్లీ అక్కడే వదిలింది!

"అదేంటమ్మా!" అన్నాడు పడవ నడిపే సింహాద్రి.

"దీని పొట్టలో చిన్న మిషను పెట్టి కుట్టాను బాబాయ్. ఇదెక్కడుందో నా చేతిలో పెట్టెకి తెలుస్తుంది. గుడ్లు పెట్టబోయే ఆడపాము మన కంటపడదు. ఈ మగపాము దాన్ని వెతుక్కుంటూ పోతుంది. వెనకాలే మనం."

జమ్ములోంచి బొట్టమ్మ అంతా వింది.

మర్నాడు పాము గట్టున ఎండ కాగుతోంది. "ఊఁ అనవే, దాని మెడ కొరికేస్తా," అంది బొట్టమ్మతో, ఆ నీళ్లలోనే చేపలు పట్టుకు తినే నీరుకుక్క.

"వద్దు మామా," అంది బొట్టమ్మ.

రెండో రోజు పాము నేరుగా గూటికేసి వచ్చింది. బొట్టమ్మ రెక్క విరిగినట్టు నీళ్లలో కొట్టుకుంటూ దాన్ని దూరంగా లాక్కుపోయింది.

"ఇప్పుడైనా కొరకనా? నీ గుడ్లు మింగింది ఇదేనే!" అంది నీరుకుక్క.

బొట్టమ్మ గూటికేసి చూసింది. "ఇదే మామా. ఇది చస్తే మిగతావెక్కడున్నాయో ఎవరు చూపిస్తారు?"

మూడో రోజు పాము మొగలిపొద కిందికి దూరింది. వెనకే వకుళమ్మ, సింహాద్రి వచ్చారు. పొద కింద తాటిమొద్దంత ఆడపాము! దాన్ని ఇద్దరూ కష్టపడి సంచిలోకెక్కించారు. "కడుపులో ఎన్ని గుడ్లున్నాయో బాబాయ్!" అంది వకుళమ్మ. మచ్చలపామును మాత్రం మళ్లీ వదిలేసింది.

కొన్నాళ్లకు బొట్టమ్మ వెనక ఆరు నల్లటి పిల్లలు ఈదాయి. ఎదురుగా మచ్చలపాము పోతోంది. నీరుకుక్క పళ్లు కొరికింది. తర్వాత కోపం దిగమింగుకుని అంది, "పదవే, ఇది ఇంకా ఎన్ని పాముల్ని పట్టిస్తుందో చూద్దాం."

నీతి: కోపం తీర్చుకోవడం క్షణంలో పని. కష్టం మొదలంటా తీరాలంటే మాత్రం పంటిబిగువున ఓర్చుకోవాలి.