తలుపు తీసిన గుడి

పూర్వం ఉప్పలేరుకు వంతెన లేని కాలంలో, ఆ వాగు ఒడ్డునున్న జమ్ములపాడులో ఏసోబు అనే వడ్రంగి ఉండేవాడు. ఊరి క్రైస్తవులు రెక్కల కష్టంతో కట్టుకుంటున్న చిన్న దేవాలయానికి తలుపు చేసే భాగ్యం తనకు దక్కినందుకు పరమానందభరితుడై, దీక్ష పూని, టేకుతో ఒంటిరెక్క తలుపు చేసి, దానిమీద సిలువనూ ద్రాక్షగుత్తులనూ చెక్కాడు. పాపం, ద్రాక్షపండును కళ్ళారా చూసినవాడు కాడు గనుక అవి అచ్చం ఈతగెలల్లా వచ్చాయి. అయినా ఆ తలుపంటే అతనికి ప్రాణం; ఎవరైనా చెయ్యి ఆనిస్తే వెంటనే కండువాతో తుడిచేవాడు.

రేపు గుడి ప్రతిష్ఠ అనగా, చుట్టుపక్కల వాంతులు భేదుల మహమ్మారి పుట్టిందన్న వార్త వచ్చింది. జనం హడలిపోయి, పిల్లాపాపలతో గుడిలో చేరి, తలుపు గడియ వేసుకుని, ఆ జాడ్యం తమ పొలిమేర తొక్కకుండా కాపాడమని ప్రభువును వేడుకోసాగారు. ఆ మధ్యాహ్నమే, తిరునాళ్ళ నుంచి వాగు అవతలి తమ ఊరికి తిరిగివస్తున్న గురవయ్య అనే రైతు భార్య పున్నమ్మ, పసుపుబట్టలతోనే ఊరి మొదట్లో కూలబడిపోయింది. వాగు అవతల మిషను దొరసానిగారి వైద్యశాలకు చేరిస్తే ఆమె బతుకుతుంది, చేర్చాలంటే మంచం కావాలి. ఆ రోగి పడుకున్న మంచాన్ని తగలబెట్టాల్సిందే గనుక, ఇళ్ళలో మిగిలినవాళ్ళు గురవయ్య ఎంత బతిమాలినా ఇవ్వలేదు. గుడిలో ఉన్నవాళ్ళు దేవుణ్ణి ఎంత గట్టిగా పిలుస్తున్నారంటే, బయట అతను పిలిచిన పిలుపు వాళ్ళకు వినబడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఏం చేస్తాం, మనవాళ్ళే మరి.

ఆ గుడి ఊడ్చి కళ్ళాపి చల్లే సలోమమ్మ అనే పేద వితంతువు, వాగునుంచి నీళ్ళు తెస్తూ ఆ దంపతులను చూసింది. పున్నమ్మ తల ఒళ్ళో పెట్టుకుని గుక్కెడు నీళ్ళు తాగించింది. సలోమమ్మ ఇంట చాప తప్ప మంచమే లేదు. తిన్నగా వచ్చి గుడి తలుపు తట్టింది.

“ఏసోబన్నా, తలుపు తియ్యి.”

ఏసోబు గడియ తీసి, రెక్క ఓరగా తెరిచి, “త్వరగా లోపలికి రా చెల్లమ్మా” అన్నాడు.

“ఆ తీయడం కాదన్నా. ఊడదీసి ఇవ్వు. బయట ఒక తల్లి చచ్చిపోతోంది, మోసుకెళ్ళడానికి మంచం లేదు.”

ఏసోబు ముఖం వాడిపోయింది. “రేపు ప్రతిష్ఠమ్మా. ఇది దేవుడి తలుపు. రోగం అంటితే దీన్నీ తగలబెట్టమంటారు.”

“ఆ దేవుడే బయట మట్టిలో పడి ఉన్నాడన్నా. వచ్చి చూడు” అంది సలోమమ్మ.

ఏసోబు వెళ్ళి చూశాడు. తిరిగివచ్చి, ఆ ద్రాక్షగుత్తులను ఒక్కసారి తడిమి, తలుపు ఊడదీశాడు. పున్నమ్మను దానిమీద పడుకోబెట్టి అతనూ గురవయ్యా చెరో కొస పట్టుకోగా, సలోమమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వాగులోకి దిగింది. తలుపు పోయాక లోపలివాళ్ళకు దాక్కోవడానికి చోటు లేకపోయింది. కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగి భుజం పట్టారు.

పున్నమ్మ బతికింది. ఆమెకు దగ్గరుండి పరిచర్య చేసిన సలోమమ్మను మాత్రం ఆ రోగమే పొట్టన పెట్టుకుంది. ఏసోబు ఏడుస్తూనే ఆ తలుపు పలకలతో ఆమెకు పెట్టె చేసి, సిలువా ద్రాక్షగుత్తులూ పైకి కనబడేలా అమర్చాడు. తరువాత సంఘపెద్దలు కొత్త తలుపు చేయమని అడిగితే, “తీసిన తలుపు మళ్ళీ వేయనయ్యా” అన్నాడు. అతని తరువాత కూడా ఎవరూ వేయలేదు.

నేటికీ ఆ గడపరాతిలో తలుపు తిరిగిన గుంట కనిపిస్తుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు దాన్ని వేలితో తాకి కళ్ళకద్దుకుంటారు. ఏటా ప్రతిష్ఠదినానికి ముందురోజు ఊరిలో ప్రతి ఇంటినుంచీ ఒక మంచం గుడి ఆవరణకు వస్తుంది. జబ్బుపడ్డవాళ్ళూ బాటసారులూ పడుకుంటారు, వాళ్ళెవరని ఎవరూ అడగరు. మొదటి మంచం మాత్రం వాగు అవతలినుంచి గురవయ్య వంశస్థులు తెస్తారు. పసుపుబట్టలతో వచ్చి, దాన్ని గడప పక్కన వాల్చి, దండం పెట్టుకుని, తమ తిరునాళ్ళకు సాగిపోతారు. గుడి ఎప్పుడు తీస్తారని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, అక్కడివాళ్ళు “తీసే ఉంది, రండి” అంటారు.