నూకాలు అడిగిన దండోరా

రేవుపట్నంలో ఓడెక్కాలంటే రేవు అధికారి గజపతయ్య తాటాకు మీద అనుమతి ముద్ర వెయ్యాలి. వెయ్యకపోతే అంతటితో ఊరుకోడు. ఫలానావారికి ఫలానా కారణంగా ముద్ర లేదని కోట దాకా దండోరా వేయించి పరువు తీస్తాడు.

చాపలల్లే నూకాలుకి సముద్రం అవతలి ముత్యాల దీవిని చచ్చేలోగా ఒక్కసారి చూడాలని ఆశ. ఓడ ఆ సాయంత్రమే బయల్దేరుతుంది.

"తిరిగొస్తావని నమ్మకమేంటే? నీకిక్కడ పొలముందా, మేడుందా? ఆ దీవి చూసినవాళ్లెవరైనా మళ్లీ ఈ రాజ్యం మొహం చూస్తారా? ముద్ర లేదు, ఫో" అన్నాడు గజపతయ్య.

నూకాలు కదల్లేదు. గుమ్మం దగ్గరున్న డప్పు అప్పన్నని పిలిచింది.

"అన్నా, బాబుగారి మాట విన్నావుగా. పొల్లుపోకుండా కోట ముందు చాటు. మన రాజుగారి రాజ్యం దాటినవాళ్లు మళ్లీ దీని మొహం చూడరట, అందుకే నూకాలుకి ముద్ర లేదట. రాజుగారికి బాగా వినపడేలా కొట్టు."

అప్పన్న డప్పు భుజానికెత్తుకున్నాడు. గజపతయ్య గబగబా ముద్ర తీసి తాటాకు మీద గుద్దాడు.

వెళ్లిన ఓడలోనే నూకాలు తిరిగొచ్చింది. ఇంటికైనా పోకుండా నేరుగా గజపతయ్య ముందు నిలబడింది.

"చూసొచ్చాను బాబూ. మీరు పొగిడినంత లేదు."