ముళ్లపందికి సీటు వస్తుందా?

అనగనగా ఒక అడవిలో ఒక ముళ్లపంది ఉండేది పిల్లలూ. పేరు సూదులమ్మ. దుంపలు తవ్వడంలో దానికి సాటి లేదు. తవ్వినవాటిలో సగం మాత్రం తినేవాళ్లు లేక కుళ్లిపోయేవి. వాటిని దూరపు అడవులకు పంపి అమ్మడం నేర్చుకోవాలని దాని ఆశ. అది నేర్పే వ్యాపార బడి ఏటికి అవతల, పరాయి అడవిలో ఉంది. నడిపేది ఒక ముసలి ఏనుగు. ఏరు ఎండాకాలంలోనే దాటడానికి వీలవుతుంది. సీటు రాకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

సూదులమ్మ జంబుకయ్య అనే నక్క దగ్గరికి వెళ్లింది. ఎవరికి సీటు వస్తుందో ముఖం చూసి చెప్పేస్తానని ఆ నక్క గొప్పలు పోయేది.

"మామా, నాకు సీటు వస్తుందంటావా?" అని అడిగింది సూదులమ్మ.

నక్క దాని చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచింది. "కష్టమే పిల్లా! వాళ్లకు నువ్వు పరాయి అడవిదానివి. యాస వేరు. పైగా ఒళ్లంతా ముళ్లు! ఆ ముళ్ల మాట ఎత్తకు. దుంపల మాట అసలే వద్దు. ఎలుగుబంట్లకు తేనె అమ్మానని చెప్పు. సీటు నీదే."

సూదులమ్మ దారి పొడవునా ఆ తేనె కథ వల్లె వేసుకుంటూ ఏరు దాటింది.

బడి ముందు దాని అడవి నుంచే వచ్చిన దుప్పి, అడవిపంది వరుసలో నిలబడి ఉన్నాయి. ఏనుగు ముందుగా దుప్పిని పిలిచింది. "నువ్వు చేసిన వ్యాపారం ఏమిటి నాయనా?"

"ఎలుగుబంట్లకు తేనె అమ్మానండి," అంది దుప్పి.

ఏనుగు దాన్ని పక్కన కూర్చోమంది. తరువాత అడవిపంది వచ్చింది.

"ఎలుగుబంట్లకు తేనె అమ్మానండి," అంది అదీ.

"మీ ఎలుగుబంట్లకు చెట్టెక్కడం రాదా ఏమిటి?" అని విసుక్కుంది ఏనుగు.

ఆ నక్క అందరికీ ఒకే కథ నేర్పి పంపిందని సూదులమ్మకు అర్థమైంది. తేనె కథ చెబితే నవ్వులపాలు. నిజం చెబితే, ముళ్లు చూసి పొమ్మంటారేమో! ఇంతలో ఏనుగు దాన్ని పిలిచింది. ఏదైతే అదవుతుందని నోరు విప్పింది.

"నేను దుంపలు అమ్ముతానండి. నా ముళ్లకు భయపడి ఎవరూ దగ్గరికి వచ్చేవారు కాదు. అందుకని దుంపలు ఒక రాతి మీద పెట్టి, దూరంగా కూర్చునేదాన్ని. 'దుంప తీసుకోండి, పండో గింజో పెట్టండి' అని కేకేసేదాన్ని. మొదట్లో అందరూ ఊరికే పట్టుకుపోయారు."

"అయ్యో! మరేం చేశావు తల్లీ?" ఏనుగు చెవులు రిక్కించింది.

"ఒకరోజు ఒక కుందేలు రేగుపండు పెట్టింది. 'నీ కడుపు చల్లగుండ, కుందేలక్కా!' అని అడవంతా వినబడేలా అరిచాను. ఆ మాట తామూ అనిపించుకోవాలని మిగతావాళ్లు కూడా ఏదో ఒకటి తేవడం మొదలుపెట్టారండి."

ఏనుగు పొట్ట కదిలేలా నవ్వింది. "ముళ్లు లేకపోతే నీకు ఈ ఉపాయం తట్టేదా? లోపలికి వచ్చి కూర్చో. నీకు సీటిచ్చాను."

తరువాత దుప్పిని, అడవిపందిని మళ్లీ పిలిచింది. "ఇప్పుడు మీ సొంత కథలు చెప్పండి నాయనా," అంది మెల్లగా. సూదులమ్మ లోపల కూర్చుని, వాటికీ సీట్లు రావాలని మనసారా కోరుకుంది.

ఇక జంబుకయ్య సంగతంటారా? తన సలహా వల్లే ముళ్లపందికి సీటు వచ్చిందని ఈనాటికీ చెప్పుకు తిరుగుతున్నాడు!

నీతి: మన గురించి అడిగినప్పుడు మన కథే చెప్పాలి, ఎవరో అప్పజెప్పిన గొప్ప కథలో మనం కనిపించం.