చెంగమ్మకు పట్టిన కునుకు

అనగనగా కొండల నడుమ ఒక ఊళ్ళో చెంగమ్మ అని ఒకావిడ ఉండేది, బంగారూ. ఇటు జరుగు, దుప్పటి కప్పుకో. ఆ చెంగమ్మకు ఊరి చివర ఒక ప్లాస్టిక్ ఇల్లుండేది. మనుషులుండే ఇల్లు కాదమ్మా, మొక్కలుండే ఇల్లు. పాలీహౌస్ అంటారే, అది. పైన తెల్లటి పట్టా, తూర్పునొకటి, పడమరనొకటి చుట్టి పైకెత్తే తెరలు. అందులో టమోటా నారు పెంచేది.

అప్పటికి వినాయక చవితి వెళ్ళిపోయింది. వానలు పల్చబడ్డాయి. రాత్రిళ్ళు చలిగాలి, పగలు మాడ్చేసే భాద్రపదం ఎండ. ఆ రోజుల్లో నారుని చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి. సాయంత్రం తెరలు దించాలి. పొద్దున్నే ఎత్తాలి. తడి ఎక్కువైతే కుళ్ళిపోతుంది, తక్కువైతే వాడిపోతుంది.

అంతకుముందు ఆ పని ఇద్దరు చేసేవాళ్ళు, చెంగమ్మా, ఆమె మొగుడు కుప్పన్నా. అప్పుడేమయిందంటే, పట్టా సరిచేయబోయి కుప్పన్న నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు విరిగింది. కట్టు కట్టి, నెలన్నర అడుగు మోపొద్దన్నారు.

ఆ తర్వాత అంతా చెంగమ్మే. నారుకు నీళ్ళు, ఆవుకు మేత, కుప్పన్నకు స్నానం. "నేనేమన్నా చేసేదా?" అని అతను మంచంలోంచి అడిగేవాడు. "నువ్వు పండుకో, అదే చాలు" అనేది. అన్నం తింటూ తింటూ, ముద్ద చేతిలో ఉండగానే తల వాల్చేసేది. అంత అలుపు.

ఒకనాడు పొద్దున్నే వెళ్ళింది. తూర్పు తెర ఎత్తింది. పడమటి తెర వైపు నడుస్తుంటే తలుపు బయట నీడలో, నారు ట్రేలలో నింపే కొబ్బరి పొట్టు బస్తాలు కనిపించాయి. మెత్తగా ఉన్నాయి. ఒక్క నిమిషం, అనుకుని కూర్చుంది.

కళ్ళు తెరిచేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

పరుగున లోపలికి వెళ్ళింది. తూర్పు వైపు నారు బాగానే ఉంది. పడమటి వైపు తెర దించి ఉంది కదా, అటు సగం నారూ ఉడకబెట్టిన తోటకూరలా ట్రేల మీద వాలిపోయింది. అప్పుడు తెర ఎత్తింది. నీళ్ళు చల్లింది. సాయంత్రం దాకా చూసింది. ఒక్క మొక్కా తల ఎత్తలేదు.

చెంగమ్మకు ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి కదమ్మా.

ఆ నారు కోసం మూడిళ్ళవాళ్ళు పొలాలు దున్ని పెట్టుకుని ఉన్నారు. రెడ్డెప్ప, సరోజ, ముసలి మునెమ్మ. తెగులొచ్చి పోయిందని చెబుదామా, అనుకుంది ముందు. కానీ ఆ అబద్ధాన్ని మూడిళ్ళకూ మోయాలన్నా అలుపే అనిపించింది. ఇంకోటి కూడా ఆలోచించింది. మిగిలిన సగం ముగ్గురికీ పంచితే ఎవరికీ చాలదు. రెడ్డెప్పకూ సరోజకూ బోర్లున్నాయి. మునెమ్మకు ఆ ఆఖరి వానల పదునే దిక్కు.

మర్నాడు రెడ్డెప్ప ఇంటికి వెళ్ళింది. "నిద్ర పోయినానన్నా. సగం నారు పోయింది. ఉండేది మునెమ్మకి ఇస్తా ఉండా" అంది.

"నువ్వు నిద్రపోతే నా పొలం ఏం కావాల?" అని కోప్పడి, వేరే నర్సరీ వెతుక్కుంటూ బండెక్కి వెళ్ళిపోయాడు రెడ్డెప్ప.

అప్పుడు సరోజ ఇంటికి వెళ్ళింది. సరోజ అంతా విని, చెంగమ్మ మొహం చూసి, ముందు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మళ్ళీ నారు పొయ్యి వదినా, నెల్లాళ్ళు ఆగుతా" అంది.

ఆ తర్వాత మునెమ్మ ఇంటికి వెళ్ళి, జరిగింది చెప్పి, మిగిలిన నారు తీసుకోమంది. మునెమ్మ ఒక్కటే మాట అడిగింది. "విత్తనాలు మళ్ళీ పెట్టేదానికి నీకు సాయం ఎవరుండారు?"

చెంగమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. ఇప్పుడొచ్చాయి కన్నీళ్ళు.

మూడో రోజు పొద్దున చెంగమ్మ చచ్చిన నారు దులిపి, ట్రేలు కడుగుతోంది. చూస్తే సరోజ, ఆమె తమ్ముడూ కలిసి కుప్పన్నను మంచంతో సహా మోసుకొస్తున్నారు! వెనకాల మునెమ్మ.

"దించండి, ఆ నీడలో దించండి" అంటున్నాడు కుప్పన్న. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "విరిగింది కాలే. వేళ్ళు బాగానే ఉండాయి. ఒక్కో గుంటలో ఒక్కో గింజ, అంతే కదా పని? ఇన్నాళ్ళూ పండుకో, పండుకో అంటివి. ఈ పొద్దు నువ్వు పండుకో" అన్నాడు.

"పనుంది" అంది చెంగమ్మ.

"ఉంటే ఉండనీ. మేముండాం గదా" అని మునెమ్మ ఆమె చేతిలోంచి ట్రే లాక్కుంది.

చెంగమ్మ కొంగు పరుచుకుని అక్కడే నేల మీద ఒరిగింది. సరోజ ట్రేలలో పొట్టు నింపుతోంది. మునెమ్మ తడుపుతోంది. కుప్పన్న కట్టు కాలు చాపుకుని గింజలు పెడుతున్నాడు. వాళ్ళ మాటలు వింటూ వింటూనే నిద్రపోయింది. లేచేసరికి పొద్దు వాలింది. ట్రేలన్నీ నిండి ఉన్నాయి.

అన్నాళ్ళ అలుపు ఒక్క నిద్రతో పోతుందా, బంగారూ? పోలేదు. ఒళ్ళింకా బరువుగానే ఉంది. రెడ్డెప్ప మళ్ళీ రాలేదు. కానీ గింజలు పెట్టిన ఆరో రోజు పొద్దున, ట్రేల పక్కనే వేసిన మంచంలోంచి కుప్పన్న కేకేశాడు: "చెంగీ, మొలకలు! నేను పెట్టినవే ముందొచ్చినాయి చూడు!"

చెంగమ్మ నవ్వింది. కుప్పన్న పడ్డాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

గింజ మట్టిలో దాక్కుంది,
చెంగమ్మ కునుకు తీసుకుంది,
కథ నడిచి నడిచి కంచి చేరుకుంది,
మన ఇంట్లో మనకు నిద్ర వచ్చేసింది.