వడ్రంగిపిట్ట నెత్తిన కుంకుమ

ఏమర్రా, ఆ ఠకఠక వింటున్నారా? పెరట్లో ఎండిన మామిడి మాను మీద ఉంది చూడండి, వడ్రంగిపిట్ట. అరవకండి, ఎగిరిపోతుంది. నెత్తిన ఎర్రటి కుచ్చు, వీపంతా పసుపు. ఇప్పుడు చెప్పండి. చెక్కపని చేసేదానికి పనిముట్ల సంచీ ఏదీ? పేరంటానికి వెళ్ళొచ్చినట్టు ఆ పసుపూ కుంకుమా దానికెవరు పెట్టారు?

తెలీదా? అయితే కాళ్ళు మడుచుకుని కూర్చోండి. కేదారం, ఆ మేకులు నోట్లో పెట్టుకోకు నాయనా, ఇటివ్వు.

ఒకప్పుడు వడ్రంగిపిట్ట బూడిద రంగులో ఉండేది. ముక్కు పిచ్చుక ముక్కంత, చిన్నగా, మెత్తగా. కానీ దాని దగ్గర లేని పనిముట్టంటూ లేదు.

ఆ పిట్ట పేరు కోటిలింగం. పెళ్ళాం పేరు సూరమ్మ. ఏటి ఒడ్డున ముసలి మద్దిచెట్టు తొర్రలో కాపురం. ఆ తొర్ర నోరు గిన్నెలాగా ఆకాశానికి తెరుచుకుని ఉండేది. చినుకు పడితే నేరుగా ఇంట్లోకే.

"ఏమయ్యా, గుడ్లు పెట్టే వేళయింది. గుమ్మం పక్కకి తిప్పి, లోతుగా ఒక గది చెక్కు" అంది సూరమ్మ.

"చెక్కనా మరి! ఒక్క ఉలి దొరకనీ" అన్నాడు కోటిలింగం.

పాతసామాను వ్యాపారం కాకిది. ఊళ్ళమీద తిరిగి ఏరుకొచ్చిన సామానిచ్చి, బదులుగా పురుగులు పుచ్చుకునేది. ఉలి తెచ్చిచ్చింది.

"బావా, ఉలి ఉంటే సుత్తి ఉండొద్దూ?" అంది కాకి. సుత్తి వచ్చింది.

"సుత్తి ఉండీ రంపం లేకపోతే నలుగురూ నవ్వరూ?" అంది. రంపం వచ్చింది. దాని వెనకే పట్టకారు, చెక్క నునుపు చేసే చిత్రిక, బెజ్జాలు వేసే బరమా.

కోటిలింగం రోజూ వాటిని తుడిచేవాడు. వరసలో పెట్టేవాడు. రెండడుగులు వెనక్కి జరిగి, మెడ వంచి, మురిసిపోతూ చూసుకునేవాడు. పని మాత్రం మొదలయ్యేది కాదు.

"గది ఏదయ్యా?"

"ఉలికి పదును పెట్టాలంటే ఆకురాయి కావాలే. అది రానీ."

ఇంట్లో సూరమ్మకి కాలు పెట్టే చోటు లేకపోయింది. చివరికి పాపం, సుత్తికీ రంపానికీ మధ్య ఇరుక్కుని గుడ్లు పెట్టింది.

"నా పిల్లలు గుడ్డులోంచి దిగడమే రంపం మీదికి దిగుతారు. అప్పుడు నీ కాకి బావ వచ్చి ఎత్తుకుంటాడా?"

కోటిలింగం తల దించుకున్నాడు. "దసరా వెళ్ళగానే మొదలెడతా. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు? నీ సుత్తి మీద వేసుకో" అంది సూరమ్మ.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు ఏం చేస్తామో మీకు తెలుసుగా? పనిముట్లు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వాటికి సెలవిస్తాం. ఆ పూట వాటితో పని చెయ్యం. నా కుట్టుమిషన్ కూడా ఆ రోజు దర్జాగా కూర్చునే ఉంటుంది.

కోటిలింగం పనిముట్లన్నీ తొర్రలో పైనున్న గట్టు మీదికి ఎక్కించాడు. సూరమ్మ మోదుగాకు దొన్నెల్లో పసుపూ కుంకుమా తెచ్చింది. ఒక్కో పనిముట్టుకీ బొట్టు పెట్టి దండం పెట్టాడు.

సరిగ్గా అప్పుడే వాన బయల్దేరింది.

"వానమ్మా, కాసేపు ఆగవే. నా తొర్రలో గుడ్లున్నాయి" అని మద్దిచెట్టు బతిమాలింది.

"సముద్రం దగ్గర్నుంచి ఇంత బరువు మోసుకొస్తున్నాను తాతా. ఎక్కడని ఆగను? నా వల్ల కాదు" అంటూ వాన కుమ్మరించేసింది.

తొర్రలో నీళ్ళు చేరాయి. సూరమ్మ రెక్కలు పరిచి గుడ్లని పొట్టకింద పొదువుకుంది. నీళ్ళు ఆమె పొట్టను తాకాయి.

"ఏమయ్యా! కిందవైపు ఒక బెజ్జం కొట్టు, నీళ్ళు పోతాయి! లేకపోతే గుడ్లు దక్కవు!"

కోటిలింగం ఒక్క గంతులో ఉలిని అందుకోబోయాడు.

"ముట్టకు!" అంది ఉలి. "ఇవాళ నాకు సెలవు."

"తల్లీ, గుడ్లు మునిగిపోతున్నాయి!"

"వచ్చినప్పటినుంచీ ఖాళీగా పడున్నాను. ఒక్కనాడైనా పని చెప్పావా? బొట్టు పెట్టి, దండం పెట్టి, ఇప్పుడా లేపేది?"

సుత్తి అటు తిరిగి పడుకుంది. రంపం పళ్ళు బిగించుకుంది. బరమా అయితే గుర్రు పెట్టింది.

నీళ్ళు సూరమ్మ రెక్కల మీదికి వచ్చేశాయి. కోటిలింగానికి ఇంకేమీ తోచలేదు. బయటికి ఎగిరి, మానుని కరుచుకుని, తన మెత్తటి ముక్కుతోనే ఒక్క పోటు పొడిచాడు.

ఠక్! తల గిర్రున తిరిగింది. బెరడు మీద గీత కూడా పడలేదు.

"అక్కడ కాదురా అబ్బాయ్, అక్కడ నాది గట్టి కలప" అంది చెట్టు. "కొట్టు, కొట్టి విను. డొల్లగా మోగిన చోట నా లోపల పుచ్చింది. అక్కడ పొడువు."

ఠక్ ఠక్. చెవి పెట్టాడు. గట్టిది. కాస్త కిందికి జరిగాడు. ఠక్ ఠక్. ఇదీ గట్టిదే. తోక మానుకి ఆనించి, ఇంకాస్త కిందికి దిగాడు. డొక్!

"అదే, అదే! పొడువు!" అంది చెట్టు.

ఇక ఆగలేదు. ముక్కు మంట పుట్టింది. పెచ్చులు లేచాయి. వానలో ఏడుపేదో చినుకేదో తెలియలేదు. పొడవగా పొడవగా ముక్కు లోపలికి దిగబడింది. లాగేసరికి, బుడబుడమంటూ నీళ్ళు బయటికి దూకి అతని మొహం కడిగేశాయి.

"సూరీ! ఉన్నాయా?"

లోపల ఒక్కో గుడ్డునీ ముక్కుతో తడిమి చూసుకుంటోంది సూరమ్మ.

"ఉన్నాయి" అంది చివరికి. "అన్నీ ఉన్నాయయ్యా. వెచ్చగానే ఉన్నాయి."

కోటిలింగం మానుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

సూరమ్మ ఆ బెజ్జంలోంచి తొంగిచూసి కిసుక్కున నవ్వింది. "నీ ముక్కు చూసుకున్నావా?"

కొట్టీ కొట్టీ ముక్కు సాగి, మొనదేరి, అచ్చం ఉలిలా తయారైంది!

ఆ ముక్కుతోనే బెజ్జాన్ని పెద్దది చేసి పక్కవాటు గుమ్మం చేశాడు. లోపల పొడిగా, గుండ్రంగా ఒక గది చెక్కాడు. గుడ్లు అందులోకి చేరాయి. "నేను వెళ్ళొస్తా, మనసులో ఏం పెట్టుకోకండి" అని వాన కూడా తగ్గుముఖం పట్టింది.

నీళ్ళమీద పడవల్లా తేలిన దొన్నెలు తొర్ర అడుగున నిలిచాయి. మిగిలిన పసుపు సూరమ్మ అతని వీపంతా రాసింది. కుంకుమ నెత్తిన దిద్దింది.

"ఏంటే ఇది, నన్ను పెళ్ళికొడుకుని చేస్తున్నావా?"

"పనిచేసే పనిముట్టుకి కదయ్యా పూజ! ఈ ఇంట్లో ఇవాళ పనిచేసింది నువ్వే."

"మరి నీళ్ళలో కదలకుండా కూర్చున్నదెవరు?" అని, అడుగున మిగిలిన చిటికెడు కుంకుమా ఆమె తల వెనక అద్దాడు. "ఇంక ఇవాళ నాకు పని చెప్పకూడదు. పూజ చేశావుగా!"

"రేపటిదాకానే!" అంది సూరమ్మ.

తెల్లారి పట్టకారు పీత అడిగి పుచ్చుకుంది. రంపం మిడత వెనక్కాళ్ళకి కట్టుకుపోయింది. మిగతావి ఎవరికి పనికొస్తే వాళ్ళు తీసుకెళ్ళారు. అప్పుడొచ్చింది కాకి, ముక్కున ఆకురాయి పెట్టుకుని.

"వద్దు బావా, ఇంట్లో పిల్లలకి చోటు కావాలి" అన్నాడు కోటిలింగం.

అప్పటినుంచే వడ్రంగిపిట్ట సంచీ లేకుండా, ముక్కునే ఉలిగా చేసుకుని, మానుని ఠక్కున కొట్టి, ఆగి విని, డొల్లగా మోగినచోట చెక్కుతుంది. మగపిట్టకి నెత్తి నిండా కుంకుమ, ఆడపిట్టకి తల వెనక మాత్రమే. కావాలంటే రేపు రెండూ వచ్చినప్పుడు చూడండి.

సరే, ఇక లేస్తాను. వంటింటి తలుపు గడియకి ఇంకొక్క మేకు కొట్టడం మిగిలిపోయింది. మీ తాతయ్య పెట్టెలో సుత్తులకేం తక్కువ లేదు కానీ, కావలసినప్పుడు ఒక్కటీ కనబడదు. అల్లం దంచే బండ చాలు నాకు. కేదారం, కాస్త జరుగు, దారివ్వు.