ప్రతి అర మీదా మీసాలే

ఆ రాజ్యంలో ప్రతి శాసనాన్నీ, దిద్దకముందరి పాత ప్రతులతో సహా, జనం చూసేందుకు అరల్లో పెట్టేవారు. రాసినవాడి గుర్తు అర మీద ఉండేది. ఒక్క అర మీదా తన గుర్తు లేకపోవడం మంత్రి చండవర్మకు కంటగింపైంది.

"గుర్తులన్నీ చెరిపి, మీసాలతో సహా నా బొమ్మ వెయ్యి. ఒక్క అర వదిలావో, చేతులు నరికిస్తా!" అని చిత్రకారుడు పోలయ్యను గద్దించాడు.

మీసాల మీదున్న శ్రద్ధ ఈయనకు రాత మీద ఏనాడుందని పోలయ్య లోలోపల నవ్వుకున్నాడు. ఒక్క అరా వదల్లేదు.

మంత్రిని వెంటబెట్టుకుని రాజు చూడవచ్చి, ఒక అరలోని శాసనం తీసి చదివాడు. "కోడి కూస్తే సుంకమా! ఊళ్లు తిరగబడ్డ ఈ శాసనం ఏ గాడిద రాసింది?"

"పైన బొమ్మ ఉంది కదా ప్రభూ," అన్నాడు పోలయ్య.

"అది నేను రాయలేదు!" అన్నాడు మంత్రి.

"అయితే తమరు రాసినవేవో సెలవియ్యండి దొరా, మిగతా బొమ్మలు చెరిపేస్తాను."

మంత్రి చివరి అర దాకా చూసుకుంటూ వెళ్లి, ఒక్కటీ చూపించలేక వెనుదిరిగాడు. పొద్దుగూకేసరికి అరల మీద ఒక్క మీసమూ మిగల్లేదు.