కొండగాలికి కునుకెందుకు లేదు

ఏమర్రా, కొండ దిగి వచ్చిన దగ్గర్నుంచీ నెమలిని చూశాం, లోయలో మబ్బుల్ని చూశాం అని ఊరంతా చాటుతున్నారు. మీ వెనక కుంటుకుంటూ వచ్చిన పిల్లను ఒక్కరైనా తిరిగి చూశారా? చూడలేదు. ముందు పరిగెత్తినవాడే మొనగాడు అనుకున్నారు. సిగ్గుండాలి. కూర్చోండి, ఈ కథ విని లేవండి.

ఒకప్పుడు కొండగాలి ఇలా తిరిగేవాడు కాదు. శిఖరానికి దిగువన అతనికి ఒక గుహ ఉండేది. బుద్ధి పుట్టినప్పుడు తిరిగేవాడు, లేనప్పుడు కాళ్లు చాపుకుని గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. అడవిలో అందరూ అతన్ని గాలిమామ అనేవారు.

వానలు వెనకబట్టాక ఏటా ఒక్క పొద్దు మాత్రం మంచు తెర పూర్తిగా తొలిగేది. ఆ పూట శిఖరం మీది బల్లబండ ఎక్కితే దూరాన సముద్రం కనిపించేది. ఎండ ముదిరితే మళ్లీ మంచు కమ్మేది. అందుకే అడవిలోని జీవాలన్నీ కొండ చుట్టు దారిలో కలిసి ఎక్కేవి. ఆనాడు చిరుత కూడా జింకల పక్కనే నడిచేది, ఎవరి జోలికీ పోయేది కాదు.

ఆ నడకకు ఒక కట్టుబాటు ఉండేది. దారి చీలిన చోట, ముందు నడిచేవాడు పోకూడని దారికి అడ్డంగా ఒక పచ్చికొమ్మ విరిచి వేయాలి. వెనక వచ్చేవాళ్లు కొమ్మ లేని దారి పట్టాలి. అంతే. కళ్లు సరిగ్గా కనపడని ముసలి కుందేలు కూడా ఆ కొమ్మను నమ్ముకునే శిఖరం చేరేది.

ఆ ఏడు ముందు నడిచింది ఎలుగు పెద్దయ్య. చీలిక దగ్గర నేరేడు కొమ్మ విరిచి, అగాధం వైపు దారికి అడ్డంగా వేసి, మందను పైకి నడిపించాడు. గాలిమామ మాత్రం ఇంకా కొండ కింద పొదల్లో పడుకునే ఉన్నాడు. ముందురోజు ఆడి ఆడి అలిసి అక్కడే ఒరిగాడు. మెలకువ వచ్చేసరికి తూరుపు ఎర్రబడింది. మంచు కమ్మేస్తే మళ్లీ ఏడాది ఆగాలి.

పరుగున వస్తుంటే ఊట దగ్గర ఒక జింకపిల్ల నీళ్లు తాగుతోంది. దాని పేరు గురివింద. నీళ్ల కోసం ఆగి వెనకబడింది. మందలోనే ఉందనుకుని తల్లి పైకి వెళ్లిపోయింది.

"మామా, నన్నూ తీసుకుపోవా? మా అమ్మ ముందుంది," అంది గురివింద.

"నీ నడకతో నడిస్తే నేను చూసేది సముద్రం కాదు, నీ తోక. కొమ్మ చూసుకుని రా," అన్నాడు గాలిమామ, ఆగకుండానే.

చీలిక దగ్గర అతని విసురుకు నేరేడు కొమ్మ లేచి గిర్రున తిరిగి మంచి దారికి అడ్డంగా పడింది. అగాధం వైపు దారి తెరుచుకుంది. గాలిమామ అది చూశాడు. నాలుగడుగులు వెనక్కి వేసి సర్దితే సరిపోయేది. తూరుపు వైపు చూశాడు, కొమ్మ వైపు చూశాడు. దిగేటప్పుడు సర్దవచ్చులే అనుకుని పైకి పోయాడు.

బల్లబండ మీద అందరూ సముద్రాన్ని చూస్తున్నారు. గాలిమామ కూడా చూశాడు. అంత నీలం, అంత మెరుపు. కానీ కుదురుగా నిలవలేకపోయాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

జింకతల్లి మందంతా వెతికి అతని దగ్గరికి వచ్చింది. "అన్నా, దారిలో నా బిడ్డ కనిపించిందా?"

"వస్తోంది, వెనకాలే," అన్నాడు.

ఎండ ముదిరింది. మంచు కమ్మింది. గురివింద రాలేదు. అప్పుడు గాలిమామ నోరు విప్పి కొమ్మ సంగతి చెప్పాడు.

అందరూ దిగి పరుగెత్తారు. చీలిక దగ్గర చిన్న చిన్న గిట్టల గుర్తులు కొమ్మ దాకా వచ్చి ఆగాయి. తల్లి నేర్పినట్టే, కొమ్మ లేని దారికి మళ్లాయి. అగాధం అంచు దాకా వెళ్లాయి. ఆ తర్వాత లేవు. ఎంత పిలిచినా బదులు రాలేదు.

జింకతల్లి ఏడవలేదు. గాలిమామ వైపు చూసి, "అది మాట విన్న పిల్ల అన్నా," అంది.

గాలిమామ ముఖం చాటేసి గుహకు పోబోయాడు. అప్పుడు కొండ పలికింది.

"నీ గుహ మూసేశాను. ఆ పిల్లను తెచ్చి తల్లికి అప్పగించేదాకా నా మీద నీకు కూర్చునే చోటు లేదు."

అప్పటినుంచే కొండగాలికి కునుకు లేదు. ప్రతి బండసందులో దూరి ఊ ఊ అని పిలుస్తాడు, రాలిన ఆకులన్నీ తిరగేస్తాడు, లోయలోకి దిగి మళ్లీ ఎక్కుతాడు. మేతలో ఉన్న జింక ఉన్నట్టుండి తలెత్తి, ముక్కు చాచి గాలిని వాసన చూస్తుంది, తన బిడ్డ వాసన తెచ్చాడేమోనని. అతని దగ్గర ఏమీ ఉండదు. తల దించుకుని దాన్ని దాటి పోతాడు, నేటికీ ఎక్కడా ఆగడు.